అర్కావతి లోయలో చలనశీల భ్రంశాల కోసం: ప్రాజెక్టు డైరీ

నవంబరు: పని మొదలు

బెంగుళూరులో ఇల్లు కొనుక్కునే తెలుగువాళ్ళం నీళ్ళ గురించి, రోడ్డు వెడల్పు గురించి, దస్తావేజుల గురించి వంద ప్రశ్నలు వేస్తాం గాని, భూకంపం గురించి ఒక్క ప్రశ్నయినా వేయం. ఇది గట్టి రాతి పీఠభూమి, ఇక్కడ నేల కదలదు అన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 మ్యాగ్నిట్యూడ్ భూకంపం వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కూలిపోయేదాకా మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలోనూ ఇదే నమ్మకం ఉండేది. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమని చెప్పే ఒకటో జోన్‌లో ఉంది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ ఒకటో జోన్‌నే ఎత్తివేశారు. భూకంపాలకు తట్టుకునే కట్టడాల కోసం ఉన్న ఐఎస్ 1893 ప్రమాణపు 2016 ప్రతిలో బెంగుళూరు రెండో జోన్‌లోనూ, చెన్నై మూడో జోన్‌లోనూ ఉన్నాయి.

మా ప్రాజెక్టు ఉద్దేశం చిన్నదే. బెంగుళూరుకు దక్షిణాన కనకపుర నుంచి సంగమ వరకు, అంటే అర్కావతి కావేరిలో కలిసే చోటు వరకు, నేల రూపాన్ని బట్టి ఏ భ్రంశం (రాళ్ళు ఒకదాని పక్కన ఒకటి జరిగిన పగులు) భూగర్భ కాలమానంలో ఈమధ్య కదిలి ఉండవచ్చో, ఏది ఎప్పుడో 250 కోట్ల ఏళ్ళకు పూర్వపు ఆర్కియన్ యుగంలో ఏర్పడి అలాగే ఉండిపోయిందో వేరు చేసి చూడాలి. మేం ముగ్గురం. నేను భూగోళశాస్త్రం చదువుకుని ఇప్పుడు మ్యాపుల సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మా బావగారు కట్టడాల ఇంజనీరు. ఆయన కొడుకు, నా మేనల్లుడు, భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. బావగారు మొదటి రోజే ఒక షరతు పెట్టారు. "మ్యాపు మీద గీతలు గీసి అది భ్రంశం, ఇది భ్రంశం అంటే నేను ఒప్పుకోనయ్యా. ఏ గీతకు ఎంత రుజువుందో పక్కన రాయి. నా లెక్కకు కావలసింది ఆ రుజువే." ఈ డైరీ మొత్తం ఆ షరతుకు లోబడే సాగుతుంది.

నవంబరు చివర: ఎత్తుల సమాచారం

పనికి కావలసిన ముడిసరుకు ఎత్తుల నమూనా, అంటే డీఈఎం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం సమాచారం 30 మీటర్ల గడితో ఉచితంగా దొరుకుతుంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహ చిత్రాల నుంచి తయారైన కార్టోడీఈఎం కూడా ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉంది. రెండింటినీ పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి, తేడా ఎక్కువగా ఉన్న చోట్లను ముందే గుర్తు పెట్టుకున్నాం. అడవి ఉన్న చోట రాడార్ కొలిచేది నేలను కాదు, చెట్ల కొమ్మలను. సంగమ చుట్టుపక్కల ఉన్నది కావేరి వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి ఈ జాగ్రత్త అక్కడ మరీ అవసరం.

రాతి పటాలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూకోశ్ పోర్టల్ నుంచి తీసుకున్నాం. రాయి ఏదో తెలియకుండా నేల రూపం చూసి భ్రంశం చలనాన్ని చెప్పబోవడం పూర్తిగా దండగ పని. ఈ ప్రాంతంలో 300 కోట్ల ఏళ్ళ వయసున్న నైస్ రాయి, దాన్ని చీల్చుకుని పైకి వచ్చిన సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి క్లోజ్‌పేట గ్రానైట్, ఈ రెండింటినీ కోసుకుంటూ పోయే డోలరైట్ డైకులు, అంటే పగుళ్ళలోకి చొచ్చి గోడల్లా గట్టిపడిన నల్లరాళ్ళు, ఉన్నాయి. వీటి గట్టిదనం ఒక్కటి కాదు, వాన నీటికి అరిగే తీరూ ఒక్కటి కాదు.

డిసెంబరు: గీతలన్నీ భ్రంశాలు కావు

హిల్‌షేడ్ చిత్రంలో, అంటే ఎత్తుపల్లాలకు వెలుగునీడలు అద్దిన పటంలో, వెలుతురు దిశను మారుస్తూ చూశాం. వాయవ్యం నుంచి వెలుగు పడితే ఈశాన్య-నైరుతి దిశలో సాగే గట్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వెలుగుకు సమాంతరంగా ఉన్నవి మాయమవుతాయి. ఒకే వెలుతురులో గీసిన లీనియమెంట్ పటాన్ని, అంటే నేల మీద తిన్నగా సాగే గీతల పటాన్ని, నమ్మకూడదన్నది ఇక్కడ కళ్ళకు కట్టింది. అన్ని దిశల్లోనూ నిలబడిన గీతలనే ఉంచుకున్నాం.

అలా మిగిలిన వాటిలో మేనల్లుడికి అన్నిటికంటే నచ్చింది తిన్నగా, కత్తితో కోసినట్టు సాగిన ఒక గట్టు. దాన్ని రాతి పటం మీద పెట్టి చూస్తే సరిగ్గా డైకు మీద పడింది. డోలరైట్ చుట్టూ ఉన్న నైస్ కంటే నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి గోడలా నిలిచిపోయింది. అక్కడ నేల కదిలిందని చెప్పడానికి ఆ గట్టు ఏ విధంగానూ పనికిరాదు. ఇంకొన్ని గీతలు గ్రానైట్‌లోని కీళ్ళు, అంటే రాయి చల్లారేటప్పుడూ, పైనున్న బరువు తొలగినప్పుడూ పడిన పగుళ్ళు. వాటి వెంట వాగులు తిన్నగా పారుతాయి. సావనదుర్గ లాంటి గుండ్రటి ఒంటి కొండ పాదం కూడా చాలా నునుపుగా, వంకరలు లేకుండా కనిపిస్తుంది, అదీ గ్రానైట్ పొరలు పొరలుగా ఊడే తీరు వల్లనే.

కొండపాదపు వంకరతనాన్ని కొలిచే సూచిక ఇలాంటి చోటనే తప్పుదారి పట్టిస్తుంది. 1977లో బుల్, మెక్‌ఫాడెన్ వాడిన ఈ సూచికలో కొండ అంచు వెంట కొలిచిన పొడవును, అదే అంచు రెండు కొసల మధ్య తిన్నని దూరంతో భాగిస్తారు. భ్రంశం ఇప్పటికీ కొండను పైకి ఎత్తుతూ ఉంటే అంచు తిన్నగా ఉండి విలువ 1కి దగ్గరగా ఉంటుంది. చలనం ఆగిపోతే వాగులు అంచును లోపలికి కొరుక్కుపోయి విలువ 3 దాటుతుంది. వాళ్ళు ఈ కొలతను రూపొందించింది అమెరికాలోని గార్లాక్ భ్రంశం పరిసరాల్లో, ఎండిన మైదానాల నుంచి కొండలు ఒక్కసారిగా లేచే చోట. మన దగ్గర కొండ ఎక్కడ మొదలైందో చెప్పడమే ఒక తీర్పు. ఒకే అంచును మేనల్లుడూ నేనూ విడివిడిగా గీస్తే విలువలు కలవలేదు. అందుకని ఈ సూచికను ఒంటి కొండలకు వాడటం మానేసి, బిలిగిరిరంగన కొండల అంచు లాంటి పొడవైన వాటికే పరిమితం చేశాం. అక్కడ కూడా దాన్ని సాక్ష్యంగా తీసుకోవడం లేదు, ఎక్కడ చూడాలో చెప్పే సూచనగా మాత్రమే తీసుకుంటున్నాం.

జనవరి: నది పొడవునా

నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకు ప్రాణం నది పొడవు రేఖ, అంటే పుట్టిన చోటు నుంచి నది ఎత్తు ఎలా తగ్గుతూ వస్తుందో చూపే గీత. కొండ అంచు మొండిగా కోట్ల ఏళ్ళు నిలవగలదు గాని, నది అలా కాదు. కింద నేల లేచినా కుంగినా నది తన వాలును మార్చుకుని తీరుతుంది. నంది కొండల్లో పుట్టిన దగ్గరి నుంచి సంగమ దాకా అర్కావతి ఎత్తును దూరానికి ఎదురుగా గీశాం. ఏ ఆటంకమూ లేని నది పైన ఏటవాలుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ చదునవుతూ ఒక పుటాకార వక్రరేఖగా ఉంటుంది. అర్కావతి అలా లేదు. పీఠభూమి మీద చాలా దూరం మెల్లగా, బద్ధకంగా పారి, కావేరి లోయ దగ్గరయ్యేసరికి ఉన్నట్టుండి కిందికి దూకుతుంది. చుంచి జలపాతం అలాంటి దూకుడులోదే. కావేరి కూడా అంతే. శివనసముద్ర దగ్గర గగనచుక్కి, బరచుక్కిగా చీలి దూకి, ఆ తర్వాత మేకెదాటు దగ్గర ఇరుకైన రాతి సందులోకి దూరుతుంది. ఇలా వాలు ఒక్కసారిగా మారే చోటును నిక్‌పాయింట్ అంటారు.

నిక్‌పాయింట్ ఏర్పడటానికి కనీసం నాలుగు కారణాలు ఉంటాయి: గట్టి రాయి అడ్డుపడటం, కింది నది తన పడకను తొందరగా కోసుకుపోవడం, అడ్డంగా భ్రంశం కదలడం, మనిషి కట్టిన ఆనకట్ట. ఆఖరిదాన్ని ముందుగా తీసేయాలి. తిప్పగొండనహళ్ళి జలాశయం దగ్గర ఈ రేఖ ఒక మెట్టులా కనిపిస్తుంది. ముందు చాలా దూరం చదును, తర్వాత ఒక్కసారి దిగుడు. ఆనకట్ట ఉందని తెలియనివాళ్ళు చూస్తే భ్రంశానికి ఎగువన నది నిలిచిపోయి చెరువైందని కథ అల్లేయగలరు. కింద మంచనబెలె దగ్గరా అదే వరస. ఈ రెండు జలాశయాల భాగాలను రేఖ నుంచి తొలగించి, మిగిలిన దానికే లెక్కలు వేశాం.

లెక్కల్లో మొదటిది హాక్ 1973లో ప్రతిపాదించిన వాలు-పొడవు సూచిక. నది ముక్క వాలును, జన్మస్థానం నుంచి ఆ ముక్కకున్న దూరంతో గుణిస్తాం. కిందికి పోయేకొద్దీ వాలు తగ్గి, దూరం పెరుగుతుంది కాబట్టి మామూలు నదిలో ఈ విలువ ఎక్కడా పెద్దగా మారదు. మారిందంటే అక్కడ రాయో, భ్రంశమో ఏదో ఉంది. రెండోది ఇప్పుడు ఎక్కువమంది వాడే పద్ధతి. దూరానికి బదులు ఆ చోటుకు నీరు చేర్చే పరీవాహక విస్తీర్ణాన్ని తీసుకుని, 0.45 అనే ప్రామాణిక ఘాతంతో వాలును సరిచేస్తారు. చిన్న వాగును, పెద్ద నదిని పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇది మేలు. అర్కావతి ఉపవాగులన్నిటికీ ఈ లెక్క వేసి, విలువ ఎక్కువున్న ముక్కలను ఎరుపులో చూపించాం.

ఎరుపు చుక్కలు రెండు రకాలుగా పడ్డాయి. కొన్ని రాతి హద్దుల మీద, డైకుల మీద పడ్డాయి. వాటిని పక్కన పెట్టాం. మరికొన్ని వేర్వేరు వాగుల్లో దాదాపు ఒకే ఎత్తున వరుసగా ఉన్నాయి. ఒకే ఎత్తున ఉన్నాయంటే చాలావరకు అర్థం ఇది: కావేరి తన పడకను లోతుగా కోసుకున్నప్పుడు మొదలైన కోత అల ఒక్కో ఉపవాగులోకి ఎగబాకుతూ వెనక్కి పోతున్నది. అలాంటప్పుడు ఆ నిక్‌పాయింట్ కింద భ్రంశం ఉండనవసరం లేదు. భ్రంశం గురించి మాట్లాడాలంటే వాగులు వేరు, ఎత్తులు వేరు అయినా నిక్‌పాయింట్లన్నీ నేల మీద ఒకే గీత వెంట, అదీ రాయి మారని చోట పడాలి. ఈ కొలబద్దకు నిలిచినవి చాలా కొద్ది. ఆ కొద్దిపాటివే మాకు ముఖ్యం.

ఇక్కడ ఒక పెద్దాయన పనిని తలచుకోవాలి. బెంగుళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త ఖడ్గ్ సింగ్ వాల్దియా, మైసూరు పీఠభూమిలోని పాత భ్రంశాలు భూగర్భ కాలమానంలో ఈమధ్యనే మళ్ళీ కదిలాయని వాదించారు. కావేరి పరీవాహకంలో ఒకప్పుడు పెద్ద చెరువులు నిలిచాయని, అవి అలా నిలవడానికి నదికి అడ్డంగా భ్రంశాలు కదలడమే కారణమని 2000లో రాజగోపాలన్‌తో కలిసి రాశారు. హిమాలయాల్లో జీవితమంతా గడిపిన మనిషి కదలని పీఠభూమిగా పేరుపడ్డ చోట ఇంత సూటిగా మాట్లాడటం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఆయన చెప్పిన ప్రతి భ్రంశాన్నీ ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలని దీని అర్థం కాదు. ఆయన చూపిన గుర్తును ఎలా వెతకాలో మాత్రం తెలిసింది. నిక్‌పాయింట్‌కు ఎగువన నది మందగించిన చోట సన్నని నల్లబంక మన్ను పేరుకుని ఉండాలి.

ఫిబ్రవరి: లోయలో

ఆ కొలబద్దకు నిలిచిన ఒక నిక్‌పాయింట్ల గీతను వెతుక్కుంటూ కనకపుర నుంచి దక్షిణంగా వెళ్ళి, నది పక్కన పొలాల్లో నడిచాం. అక్కడ ఒక రైతు కుటుంబం ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. పెద్దాయన తన బావి దగ్గరికి తీసుకుపోయాడు. బావి పక్కగోడ కొంతవరకు రాతికట్టు లేకుండా బయటికి కనిపిస్తున్నది. "తాతా, ఇది తవ్వినప్పుడు లోపల ఏ మన్ను వచ్చింది?" అని మేనల్లుడు అడిగితే, "పైన నల్లమన్ను నాయనా, దాని కింద గరుసు, ఆమీట రాయే. నల్లమన్ను తవ్వేప్పుడు పారకు అంటుకుంటే ఊడి వచ్చేది కాదు" అన్నాడు.

బావిలోకి దిగి చూశాం. నల్లబంక చేతిలోకి తీసుకుని నలిపితే ఇసుక రేణువు తగలదు, తడి చేస్తే సబ్బులా జారుతుంది, ఎండిన అంచు పలకలుగా విచ్చుకుంటుంది. బంకకూ గరుసుకూ మధ్య హద్దు చేతివేలు మందాన స్పష్టంగా ఉంది. గరుసు మాత్రం కింద రాయి అక్కడే చివికి తయారైనది, నైస్‌లోని తెల్ల, నల్ల చారలు అందులో ఇంకా చెదరకుండా కనిపిస్తున్నాయి. అంటే ఆ చోట మొదట రాయి బయటపడి చాలాకాలం చివికింది, ఆ తర్వాత ఎప్పుడో నిలిచిన నీళ్ళలో బంక పడింది. మేనల్లుడి ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే గాని, అక్కడే అతనితో ఒక సంగతి మాట్లాడాను. ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువులే. ఊరివాళ్ళు ఏ కాలంలోనో కట్టి, తర్వాత తెగిపోయిన చెరువులో కూడా ఇదే బంక పేరుకుంటుంది. పల్లానికి కొట్టుకొచ్చిన మన్ను కూడా ఇలాగే నల్లబడవచ్చు. కాబట్టి పాత చెరువు కట్ట ఆనవాలు ఎక్కడైనా ఉందేమోనని పొలాల గట్ల వెంట వెతికాం, సర్వే పటాల్లో చూశాం, ఊళ్ళో అడిగాం. ఇంతవరకు దొరకలేదు. దొరకకపోవడం చెరువు లేదనడానికి రుజువు కాదు కాబట్టి, మా రుజువుల రిజిస్టరులో ఈ చోటును "బలమైన అనుమానం" కింద రాశాం, "భ్రంశం" కింద కాదు.

తర్వాత నది పడకలోకి దిగి రాతిని చూశాం. నైస్ చారల దిశను దిక్సూచితో కొలుస్తూ పోతే, ఆ నిక్‌పాయింట్ల గీతను దాటే చోట రాయి నలిగిపోయి, పచ్చగా మారి, వేలితో గీకితే పొడి రాలే స్థితిలో ఉంది. అది భ్రంశ మండలమే, అనుమానం లేదు. అయితే నలిగిన రాయి వయసు చెప్పదు. 200 కోట్ల ఏళ్ళ కిందట నలిగినా ఇలాగే ఉంటుంది. భ్రంశం ఉందా అన్నది ఒక ప్రశ్న, అది చలనశీలమా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు రాతిలో దొరకదు. ఆ రాతి మీద పరచుకున్న కొత్త మన్ను తెగిందా లేదా అన్నదే జవాబు.

అది ఎంత నిక్కచ్చిగా ఉండగలదో తెలియాలంటే కాలిఫోర్నియాలోని వాలెస్ క్రీక్‌ను చూడాలి. శాన్ ఆండ్రియాస్ భ్రంశాన్ని దాటే చోట ఆ వాగు సుమారు 130 మీటర్లు పక్కకు జరిగి ఉంది. ఆ పాయ వయసు సుమారు 3,700 ఏళ్ళు. ఇలాంటి కొలతల నుంచి భ్రంశం ఏటా సుమారు 34 మిల్లీమీటర్లు జరుగుతున్నదని 1984లో సీ, జాన్స్ లెక్క తేల్చారు. మన దేశంలో 1819 జూన్ 16న కచ్ భూకంపంలో చదునైన రణ్‌లో లేచిన అల్లా బంద్ గట్టు అలాంటి స్పష్టమైన రూపమే. దక్షిణాపథంలో ఇలాంటి సాక్ష్యం కోసం చూస్తే నిరాశే. ఇక్కడి భ్రంశాలు కదిలినా ఏ పదివేల ఏళ్ళకో ఒకసారి కదులుతాయి, ఈలోగా వాన, నాగలి, మేకల మంద కలిసి ఆ గట్టును చదును చేస్తాయి. కిల్లారిలో నేల మీద తేలిన చీలిక కూడా పొట్టిది, పొలాలు దున్నితే చెరిగిపోయేంతటిది.

మార్చి: బావగారి లెక్క

రుజువుల రిజిస్టరు చూసి బావగారు నేరుగా అడిగిన ప్రశ్న: "ఈ గీత కదిలితే ఎంత పెద్ద భూకంపం వస్తుంది?" ఇందుకు వెల్స్, కాపర్‌స్మిత్ 1994లో ఇచ్చిన సూత్రం ఉంది. నేల మీద చీలిన పొడవును కిలోమీటర్లలో తీసుకుని, దాని లాగరిథమ్‌ను 1.16తో గుణించి 5.08 కలపాలి. 10 కిలోమీటర్లు చీలితే సుమారు 6.2 వస్తుంది. ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. మండ్య, చన్నపట్న, బెంగుళూరుల మీదుగా 105 కిలోమీటర్ల పొడవున ఒక లీనియమెంట్‌ను చూపిస్తారు. అదంతా ఒకేసారి చీలుతుందని ఈ సూత్రంలో వేస్తే 7.4 వస్తుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో సీతారామ్, అన్బళగన్ బెంగుళూరుకు చేసిన అంచనాలో ఇదే లీనియమెంట్ మీద 5.1 మ్యాగ్నిట్యూడ్ భూకంపాన్ని తీసుకున్నారు, ఎందుకంటే దాని పొడవులో చిన్న భాగమే చీలుతుందని వాళ్ళు భావించారు. అంత తక్కువ తీసుకున్నా, భ్రంశం నగరానికి దగ్గర కాబట్టి రాతి మీద ప్రకంపన త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 0.15 వంతు వచ్చింది. రెండో జోన్‌కు ఐఎస్ 1893 ప్రమాణపు 2016 ప్రతి ఇచ్చిన గుణకం 0.10.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని బావగారు చాలాసేపు కూర్చున్నారు. "గీత పొడవు మీద మీరు తీసుకునే నిర్ణయం నా స్తంభంలో ఇనుము అయి కూర్చుంటుందయ్యా" అన్నారు. నేల రూపాన్ని చదివే పని ఎందుకు జాగ్రత్తగా చేయాలో నాకు ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. ఏ ముక్క చలనశీలం, ఏది కాదు, వాటి మధ్య ఎక్కడ తెగుదల ఉంది అన్నది తెలిస్తేనే ఎంత పొడవు చీలగలదో చెప్పవచ్చు. అది చెప్పలేనప్పుడు 5.1 కూడా ఊహే, 7.4 కూడా ఊహే.

గీత ఏ దిశలో ఉందన్నదీ చూడాలి. భారత ఫలకం ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతున్నది కాబట్టి పీఠభూమి లోపల ఒత్తిడి ఇంచుమించు ఉత్తర-దక్షిణ దిశలోనే, కొద్దిగా తూర్పుకు వాలి ఉంటుంది. ఆ ఒత్తిడికి అడ్డంగా ఉన్న పాత పగుళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా, ఏటవాలుగా ఉన్నవి పక్కకు జారేలా కదలగలవు. మా పటంలో దాదాపు సరిగ్గా ఒత్తిడి దిశలోనే ఉన్న గీతలకు మార్కులు తగ్గించాం.

నగరం లోపల మాత్రం భ్రంశం ఒక్కటే సమస్య కాదు. మెజెస్టిక్ బస్టాండు పూడ్చేసిన ధర్మాంబుధి చెరువు మీద ఉంది, కంఠీరవ స్టేడియం పూడ్చేసిన సంపంగి చెరువు మీద ఉంది. మెత్తని పూడిక మన్ను ప్రకంపనను పెంచుతుంది. కాబట్టి పాత చెరువుల పొరను కూడా మా పటంలో పెట్టాం. భ్రంశానికి దూరంగా ఉన్నామని చెరువు పూడిక మీద, కింద పార్కింగు కోసం గోడలు లేకుండా వదిలిన భవనంలో ధైర్యంగా ఉండటానికి వీల్లేదు.

ఏప్రిల్: ఇక చేయవలసింది

బావి దగ్గరి నల్లబంక వయసు తెలియాలి. వెలుగు తగిలిన చివరి క్షణం నుంచి క్వార్ట్జ్ రేణువులో పోగైన శక్తిని కొలిచే ఓఎస్‌ఎల్ పద్ధతి ఇందుకు సరిపోవచ్చు. అయితే బంకలో ఇసుక తక్కువ కాబట్టి, హద్దుకు దగ్గరగా ఇసుక పొర దొరికే చోటు వెతకాలి. ఇనుప గొట్టాన్ని పక్కగోడలోకి కొట్టి, వెలుగు సోకకుండా రెండు కొసలూ మూసి తీయాలి. గీత మీదుగా అడ్డంగా కందకం తవ్వి పొరలు తెగాయేమో చూడటం దాని తర్వాతి మెట్టు. ఆ పొలం యజమానితో మాట్లాడాం, పంట తీసిన తర్వాత తవ్వుకోమన్నారు. మేనల్లుడు తన విభాగంలోని అధ్యాపకులను వెంటబెట్టుకుని వస్తానన్నాడు. నది ఎడమ ఒడ్డున ఎత్తులో మిగిలిపోయిన కంకర మెట్లను, మామూలు జీపీఎస్ కంటే కచ్చితంగా కొలిచే డీజీపీఎస్‌తో కొలిచి, గీతకు ఇటూ అటూ వాటి ఎత్తు ఒకటేనా అన్నది వానలకు ముందే తేల్చుకోవాలి. వానలు మొదలైతే ఆ ఒడ్డుకు దాటడం కుదరదు.